చివరి నిమిషానికి ఎంత బరువు?

పోయే ప్రాణానికి చెవిలో నారాయణ నామం వినిపించే ఆచారం తెలుగు ఇళ్లలో ఇంకా ఉంది. ఆఖరి ఘడియలో నోట ఏ మాట ఉంటే, మనసులో ఏ తలపు ఉంటే మనిషికి ఆ గతే పడుతుందన్న నమ్మకం దాని వెనక ఉంది. ఈ నమ్మకానికి అందరూ చూపే సాక్ష్యం భాగవతంలోని అజామిళుడి కథ. ఆచారం వదిలి, జూదానికీ దొంగతనానికీ దిగి, బతుకంతా పాపంలో గడిపినవాడు చావుభయంతో చిన్నకొడుకును కేక వేశాడు. ఆ కొడుకు పేరు నారాయణుడు కావడంతో విష్ణుదూతలు వచ్చి యమభటులను అడ్డుకున్నారు.  ఒక్క మాట బతుకునిండా ఉన్న చెడును తుడిచేసిందని ఒప్పుకుంటే, లెక్క తిరగబడినప్పుడు ఏం చెప్పాలన్న ప్రశ్న తప్పదు. బతుకంతా గొప్ప పనులు చేసినవాడు చివరి క్షణంలో తప్పు చేస్తే ఆ తప్పు వెనకటి మంచినంతా మింగేస్తుందా? పురాణ పాత్రల విషయంలో దీన్ని తేల్చడం కష్టం, ఎందుకంటే వాళ్ల గురించి కవి చెప్పినంతే మనకు తెలుసు. ఏ నిమిషంలో ఏం చేశాడో రాసి ఉన్న జీవితం, కోట్లమంది కళ్లారా చూసిన జీవితం ఒకటి కావాలి. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ జినెదిన్ జిదాన్ ఆటజీవితం అలాంటిది.

అతను 1972లో మార్సెయ్ నగరపు అంచున లా కాస్తెలాన్ అనే పేదల పేటలో పుట్టాడు. తల్లిదండ్రులు అల్జీరియాలోని కబీలియా కొండ ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్లు. కాన్ క్లబ్బులో 1989లో ఆట మొదలుపెట్టి 1992లో బోర్డోకు, 1996లో ఇటలీలోని యువెంటస్‌కు, 2001లో స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్‌కు మారాడు. మాడ్రిడ్ అతని కోసం చెల్లించిన సుమారు 7.75 కోట్ల యూరోలు అప్పటికి ప్రపంచంలో ఏ ఆటగాడికీ పలకని ధర. యువెంటస్‌తో ఇటలీ లీగును వరసగా రెండేళ్లు గెలిచినా ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో 1997లోనూ 1998లోనూ ఓడిపోయాడు. ఆ లోటు 2002లో గ్లాస్గోలో తీరింది. ఆకాశం నుంచి నిట్టనిలువుగా దిగుతున్న బంతిని నేల తాకనివ్వకుండా, అలవాటు తక్కువైన ఎడమకాలితో గోల్లోకి కొట్టిన ఆ దెబ్బ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫ్రాన్స్ తరఫున 1994లో ఆడిన మొదటి మ్యాచ్‌లోనే, జట్టు 0-2తో వెనకబడి ఉండగా సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు గోల్స్ చేసి సమం చేశాడు. 1998 ప్రపంచకప్ ఫైనల్లో బ్రెజిల్ మీద రెండు కార్నర్లను రెండు హెడర్లతో గోల్స్ చేశాడు. ఫ్రాన్స్‌కు అదే మొదటి ప్రపంచకప్. 2000లో యూరో కప్ వచ్చింది. 2004లో దేశజట్టుకు వీడ్కోలు చెప్పి, ప్రపంచకప్‌కు అర్హతే కష్టమనిపించిన 2005లో తిరిగొచ్చాడు. మొత్తం 108 మ్యాచ్‌లు, 31 గోల్స్.

ఆ తర్వాత 2006 వచ్చింది. ప్రపంచకప్‌తో ఆట పూర్తిగా మానేస్తానని అతను ముందే ప్రకటించాడు. కాబట్టి ఎప్పుడు ముగుస్తుందో, చావుగడువు ముందే విన్న పరీక్షిత్తు మహారాజుకు తెలిసినట్టే, అతనికీ తెలుసు. ఇది మన ప్రశ్నకు ముఖ్యం, ఆఖరి ఘడియ అతని మీద హఠాత్తుగా వచ్చి పడలేదు. జూలై 9న బెర్లిన్‌లో ఇటలీతో ఫైనల్. 7వ నిమిషంలో పెనాల్టీ దొరికింది. ఎదురుగా బుఫాన్ లాంటి గోల్‌కీపర్ ఉండగా బలంగా కొట్టకుండా బంతిని మెల్లగా పైకి లేపాడు. అది క్రాస్‌బార్ అడుగున తగిలి, గీతకు లోపలి వైపు పడి బయటికొచ్చింది. గోల్. 19వ నిమిషంలో ఇటలీ డిఫెండర్ మాటెరాజీ సమం చేశాడు. అదనపు సమయంలో, 104వ నిమిషాన, సహచరుడు సాన్యోల్ వేసిన క్రాస్‌ను జిదాన్ తలతో కొడితే బుఫాన్ చేతి కొసతో బార్ పైకి తోసేశాడు. కాసేపటికి, బంతి ఇంకెక్కడో ఉండగా, మాటెరాజీతో మాటామాటా అయింది. ముందుకు నడిచిపోతున్నవాడల్లా వెనక్కి తిరిగి అతని ఛాతీ మీద తలతో గుద్దాడు. రిఫరీ ఎలిసోండో దాన్ని చూడలేదు. మైదానం పక్కనున్న నాలుగో అధికారి చెప్పాక 110వ నిమిషంలో రెడ్ కార్డు తీశాడు. షూటౌట్‌లో ఇటలీ 5-3తో గెలిచింది.

ఆ 110వ నిమిషమే జిదాన్ జీవితపు తీర్పు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అతని పేరు చెప్పగానే ముందు ఆ గుద్దే గుర్తొస్తుందని ఒప్పుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. అల్జీరియాలో పుట్టిన శిల్పి అదెల్ అబ్దెస్సెమెద్ ఆ క్షణాన్ని ఐదు మీటర్ల ఎత్తున కంచులో పోతపోశాడు. 2012లో పారిస్ పాంపిదూ కేంద్రం ముందు నిలబెట్టారు. మరుసటి ఏడాది ఖతార్ రాజధాని దోహాలో పెడితే, హింసను పొగిడినట్టుందని కొందరు, విగ్రహారాధనలా ఉందని కొందరు అభ్యంతరం చెప్పడంతో కొద్ది వారాలకే తీసేశారు. గ్లాస్గో గోల్ అంత అందమైనదైనా, లోకం నోట నానిందీ కంచులోకి ఎక్కిందీ ఆ గుద్దే. దీనికి మనస్తత్వ కారణం ఒకటి ఉంది. ఒక అనుభవాన్ని మనసు దాచుకునేటప్పుడు దాని తీవ్రమైన క్షణానికీ ముగింపుకీ ఎక్కువ చోటిస్తుందని, మిగతా నిడివిని దాదాపు పట్టించుకోదని మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ పరిశోధనల్లో తేలింది. ఆ గుద్దు రెండూ అయి కూర్చుంది. అయితే మనకు బాగా గుర్తుండటం వేరు, మనిషిని తూచడం వేరు. జ్ఞాపకశక్తి బలహీనతను ధర్మశాస్త్రం చేసుకోకూడదు.

పైగా అతను ఆడిన స్థానం ఎలాంటిదో చూడాలి. ఫుట్‌బాల్ లెక్కలన్నీ ముగింపుల మీదే నడుస్తాయి. బంతి గీత దాటడం, ఈల వేయడం, కప్పు ఎత్తడం. స్ట్రైకర్ బతుకు ఆ ముగింపు మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి అతన్ని దానితో కొలిస్తే ఒప్పుకోవచ్చు. మిడ్‌ఫీల్డర్ పని మొదలుకూ చివరకూ నడుమ ఉంటుంది. డిఫెండర్ల నుంచి బంతి తీసుకోవడం, మీద పడుతున్న ఇద్దరి మధ్య తిరగడానికి చోటు చేసుకోవడం, సహచరుడు పరుగు మొదలుపెట్టేదాకా ఒక్క క్షణం ఆగడం, సరిగ్గా అప్పుడు వదలడం. అదే 2006లో క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్‌తో ఆడిన మ్యాచ్ చూడండి. స్కోరు 1-0. జిదాన్ ఫ్రీ కిక్‌కు గోల్ కొట్టింది సహచరుడు హెన్రీ. స్కోరు పట్టికలో జిదాన్ పేరు లేదు. కానీ ఆ తొంభై నిమిషాల్లో మైదానం నడుమ ఆట ఎవరు చెప్పినట్టు నడిచిందో చూసినవాళ్లెవరికీ అనుమానం లేదు. బంతి మీద అరికాలు ఆనించి, గిర్రున తిరిగి, రెండో కాలితో లాక్కుపోయే అతని విద్య ఏ పట్టికలోనూ అంకెగా మారదు. నడిమి పనితో బతికినవాణ్ణి కొసన జరిగినదానితో తూచడం మిగతావారి విషయంలో కంటే ఎక్కువ అన్యాయం.

ఇక మతం మాటకు వద్దాం. అంత్యకాలపు తలపు గురించి భగవద్గీత ఎనిమిదో అధ్యాయంలో చెప్పిన మాటను మనం సగమే గుర్తుపెట్టుకుంటాం. చివరి తలపును బట్టి గతి ఉంటుందన్నంతవరకు అందరికీ తెలుసు. ఆ తలపు ఎక్కడి నుంచి వస్తుందో కూడా అక్కడే ఉంది. మనిషి ఎల్లకాలం దేనిలో మునిగి ఉంటాడో అదే చివర పైకి తేలుతుంది. అందుకే వెంటనే కృష్ణుడు చివరి ఘడియ కోసం కాచుకుని కూర్చోమనడు, అన్ని కాలాల్లోనూ తనను తలుస్తూ యుద్ధం చెయ్యమంటాడు. ఈ లెక్కన ఆఖరి క్షణానికి సొంత అధికారమేమీ లేదు. అది అంతకుముందున్న వేల క్షణాల తరఫున వచ్చిన సాక్షి. జిదాన్ చరిత్ర ఈ మాటను అక్షరాలా నిలబెడుతుంది. బెర్లిన్‌లో చూపించింది అతని ఆటజీవితంలో 14వ రెడ్ కార్డు. 1998 ప్రపంచకప్‌లో సౌదీ అరేబియా కెప్టెన్ ఫువాద్ అన్వర్‌ను కింద పడి ఉండగా తొక్కి మైదానం వదిలాడు. 2000లో యువెంటస్‌కు ఆడుతూ హాంబర్గ్ ఆటగాణ్ణి తలతోనే గుద్ది ఐదు మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. 2005 ఏప్రిల్ 23న రియల్ మాడ్రిడ్, వియ్యారియల్ మ్యాచ్‌లో 17 కెమెరాలు మొదటి నుంచి చివరిదాకా అతనొక్కణ్ణే చిత్రీకరించాయి. డగ్లస్ గోర్డన్, ఫిలిప్ పరేనో తీసిన ఆ సినిమా ఎలా ముగుస్తుందో తెలుసా? ఘర్షణలో దూరి రెడ్ కార్డు తెచ్చుకుని అతను బయటికి నడవడంతో. దాన్ని కాన్ చిత్రోత్సవంలో వేసింది 2006 మే నెలలో, బెర్లిన్ ఫైనల్‌కు ముందే.

ఇక్కడ నా వాదనకే ఎదురుదెబ్బ తగిలినట్టు కనిపించవచ్చు. ఆఖరి క్షణం బతుకంతటికీ సాక్షి అయితే, ఆ గుద్దే అసలు జిదాన్ అని తేలినట్టే కదా? తేలదు. ఎందుకంటే ఆ రాత్రి సాక్షులు ఇద్దరు. అదే మ్యాచ్ 7వ నిమిషంలో, ప్రపంచం ఊపిరి బిగబట్టి చూస్తుండగా, బంతిని తొణక్కుండా బెణక్కుండా పైకి లేపిన నిబ్బరం కూడా ఏళ్ల తరబడి ఊరిన సంస్కారమే. ఆ నిబ్బరమూ ఈ కోపమూ ఒకే మనిషిలో, ఒకే సాయంత్రం, దాదాపు రెండు గంటల తేడాతో బయటపడ్డాయి. రెండోది ఆలస్యంగా బయటపడింది కాబట్టి అదే నిజమని చెప్పడానికి గడియారం తప్ప మరే ఆధారమూ లేదు.

గడియారాన్ని ఎందుకు నమ్మకూడదో మహాభారతం స్వర్గారోహణ పర్వంలో ఉంది. ధర్మరాజు స్వర్గానికి వెళ్లి చూస్తే అక్కడ దుర్యోధనుడు సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. తమ్ముళ్లూ ద్రౌపదీ నరకంలో మూలుగుతుంటారు. ఆ దుర్గంధంలో ధర్మరాజూ కాసేపు నిలబడాల్సి వస్తుంది, అశ్వత్థామ చనిపోయాడని ద్రోణుణ్ణి నమ్మించిన పాపానికి. అంతటి సత్యవ్రతుడికి ఒక్క అబద్ధాన్ని మినహాయించలేదు. ఆ అబద్ధం చెప్పిన నాడే, నేలకు నాలుగంగుళాల పైన నడిచే అతని రథం నేలను తాకిందని ద్రోణపర్వం చెబుతుంది. అలాగని ఆ ఒక్క అబద్ధం అతని సత్యాన్నంతా కాల్చేయలేదు. ఇంద్రుడు చెప్పే కారణం గమనించదగ్గది. పాపం ఎక్కువున్నవాళ్లు ముందు స్వర్గం చూస్తారట, పుణ్యం ఎక్కువున్నవాళ్లు ముందు నరకం చూస్తారట. అంటే ఏది ముందు, ఏది వెనక అన్నదాన్ని బట్టి మొత్తం ఎంతో చెప్పలేం. దుర్యోధనుణ్ణి సింహాసనం మీద చూసి తీర్పు చెప్పబోయినవాడు ఆ క్షణంలో ధర్మరాజే అయినా పొరబడ్డాడు. అంతకన్నా ముఖ్యం, మంచిలోంచి చెడును తీసేసి మిగిలింది చేతిలో పెట్టే పద్ధతి అక్కడ లేదు. దేని ఫలం దానిది, రెండూ అనుభవించాలి. జిదాన్ కుటుంబం ముస్లింలది. ఇస్లాం సంప్రదాయంలోనూ కర్మలు ముగింపును బట్టి ఉంటాయన్న హదీసు ఒకటి ఉంది, అణువంత మంచీ అణువంత చెడూ రెండూ చేసినవాడి కళ్లముందుకు వస్తాయని చెప్పే 99వ ఖురాన్ అధ్యాయమూ ఉంది. ఏ మతమూ ముగింపును ఒంటరిగా వదిలిపెట్టలేదు.

ప్రపంచకప్ చరిత్రలో రెండు చిన్న జాబితాలున్నాయి. వేర్వేరు ప్రపంచకప్ ఫైనల్స్‌లో గోల్స్ చేసినవాళ్ల జాబితా ఒకటి. అందులో పెలే, వావా, బ్రైట్నర్, ఎంబాపేల సరసన జిదాన్ ఉన్నాడు. రెండు ప్రపంచకప్‌లలో రెడ్ కార్డు తిన్నవాళ్ల జాబితా రెండోది. అందులో కామెరూన్ ఆటగాడు రిగోబెర్ట్ సాంగ్ పక్కన జిదాన్ ఉన్నాడు. ఒక జాబితాలో ఉండటం వల్ల రెండోదానిలోంచి పేరు చెరగదు. విచిత్రంగా ఫిఫా కూడా అలాగే చేసింది. 2006 టోర్నీలో ఉత్తమ ఆటగాడి గోల్డెన్ బాల్ జిదాన్‌కే దక్కింది. అదే జూలైలో అతనికి మూడు మ్యాచ్‌ల నిషేధం, 7,500 స్విస్ ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. ఆట మానేసినవాడికి నిషేధం వర్తించదు కాబట్టి బదులుగా సేవా కార్యక్రమాల్లో పాల్గొన్నాడు. మాటెరాజీకీ రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. దీనికొక ఆక్షేపణ ఉంది: గోల్డెన్ బాల్‌కు ఓటేసిన పాత్రికేయుల్లో చాలామంది గుద్దుకు ముందే ఓటేశారు, దాన్ని వివేకం అంటారా? వివేకం ఉందో లేదో గాని, ఫలితం సరైనదే. ఆ బహుమతి టోర్నీ అంతటా ఆడిన ఆటకు. స్పెయిన్, బ్రెజిల్, పోర్చుగల్ జట్ల మీద ఆడినది గుద్దు తర్వాత ఆడనిదైపోదు. బహుమతి వెనక్కి తీసుకునే అవకాశం ఉందని ఫిఫా అధ్యక్షుడు బ్లాటర్ అన్నాడు. తీసుకోలేదు.

అతన్ని రెచ్చగొట్టారు కదా అనేవాళ్లు మరో వైపు నుంచి వస్తారు. రెచ్చగొట్టిన మాట నిజం. అతని సోదరిని అవమానించే మాట అన్నట్టు మాటెరాజీయే తర్వాత ఒప్పుకున్నాడు. మహాభారతం చదివినవాళ్లకు ఈ ఘట్టం కొత్తేమీ కాదు. నిండు సభలో ద్రౌపదికి తొడ చూపించిన దుర్యోధనుడి తొడను, అప్పుడు చేసిన ప్రతిజ్ఞ ప్రకారం, గదాయుద్ధంలో భీముడు విరగ్గొట్టాడు. ప్రతిజ్ఞకు కారణం న్యాయమైనదే. నాభికి దిగువన కొట్టకూడదన్న నియమమూ న్యాయమైనదే. అందుకే బలరాముడు నాగలి ఎత్తుకుని మీదికొచ్చాడు. వ్యాసుడు బలరాముడి కోపాన్ని దాచలేదు, భీముడి కారణాన్నీ దాచలేదు. జిదాన్ విషయంలోనూ ఇంతే. మాట పడ్డాడన్నది అతని కోపానికి కారణం చెబుతుంది, గుద్దును ఒప్పు చెయ్యదు. మూడు రోజుల తర్వాత టీవీలో మాట్లాడుతూ అతను ఆ దృశ్యం చూసిన పిల్లలకు క్షమాపణ చెప్పాడు. చేసినదానికి చింతిస్తున్నానని మాత్రం అనలేదు, అలా అంటే అవతలివాడు అన్నది సరైనదని ఒప్పుకున్నట్టవుతుందన్నాడు. ఇది మొండితనమని చాలామంది తిట్టారు. నాకు మాత్రం ఇందులో కొంత నిజాయితీ కనిపిస్తుంది. చేసిన హాని ఎవరికో గుర్తించి వాళ్లకు క్షమాపణ చెప్పి, తన కోపాన్ని లేనట్టు నటించకుండా వదిలేశాడు. అయితే దెబ్బతిన్నవాళ్లలో పిల్లలొక్కరే లేరు. పది మందితో మిగిలిపోయిన అతని జట్టు కూడా ఉంది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. ఒక పని అర్థం ఆ తర్వాత జరిగేదాన్ని బట్టి మారుతుంది, కాబట్టి దేని తర్వాత ఇంకేమీ లేదో ఆ పని అర్థమే స్థిరపడుతుంది అంటారు. 1998లో తొక్కుడు తర్వాత ఫైనల్లో రెండు గోల్స్ ఉన్నాయి, అందుకని అది చిన్న మరకగా మిగిలింది. 2006లో గుద్దు తర్వాత ఏమీ లేదు, దిద్దుకునే అవకాశం పోయింది. దాదాపు ఇలాంటి మాటే గ్రీకు జ్ఞాని సోలన్ రాజు క్రీసస్‌తో అన్నాడని హెరొడోటస్ రాశాడు. ముగింపు చూడనిదే ఎవరినీ సుఖపడ్డవాడు అనకూడదట. అరిస్టాటిల్‌కు ఇది మింగుడు పడలేదు. మనిషి బతికి ఉండగా, మంచి పనులు చేస్తూ ఉండగా సుఖి అనకుండా చచ్చాక అనడం వింతగా ఉందన్నాడు. దీనికి నా జవాబు రెండు భాగాలు. మొదటిది, ముగింపు ఎక్కడుందో మనమే గీత గీసి నిర్ణయిస్తున్నాం. అజామిళుడి కథలో కూడా జనం మరిచిపోయే భాగం ఒకటుంది. విష్ణుదూతలు అతన్ని నేరుగా వైకుంఠానికి తీసుకుపోలేదు. అతను బతికి లేచి, పశ్చాత్తాపపడి, గంగాద్వారం వెళ్లి సాధన చేశాకే వైకుంఠం చేరాడు. ఆ కేక ఆఖరి మాట కానే కాదు. జిదాన్ కూడా 2006తో అయిపోలేదు. 2016 జనవరిలో రియల్ మాడ్రిడ్ కోచ్ అయి 2016, 2017, 2018లలో వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిపించాడు. ఆ టోర్నీలో అంతకుముందు ఏ కోచ్‌కూ అలా వరసగా మూడు దక్కలేదు. గీతను 2006 దగ్గర గీస్తే ఒక కథ, 2018 దగ్గర గీస్తే మరో కథ. పని ఒకటే, మారేది చెప్పేవాడు ఆపిన చోటు.

రెండో భాగం అదృష్టం గురించి, దాన్ని దాటవేయడం కుదరదు. మంచిచెడ్డల్లో అదృష్టం పాత్ర గురించి తత్వవేత్తలు బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో లేవదీసిన చర్చ ఇంకా ముగియలేదు. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఫలితం బెడిసికొట్టినవాణ్ణే ఎక్కువ నిందిస్తాం, అది న్యాయమా అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లు ఇద్దరు మనుషులతో చెప్పిన ఉదాహరణను జిదాన్ ఒక్కడే రెండు ప్రపంచకప్‌లలో ఆడి చూపించాడు. 1998లో తొక్కినందుకు రెండు మ్యాచ్‌ల నిషేధం పడింది. రెండోది పరాగ్వేతో నాకౌట్. అతను లేని ఫ్రాన్స్ తొంభై నిమిషాలు ఒక్క గోల్ కూడా చేయలేక అదనపు సమయానికి వెళ్లింది. పరాగ్వే గోల్‌లో చిలావెర్ట్ లాంటి గట్టి కీపర్ ఉన్నాడు. షూటౌట్ దగ్గరికొస్తుండగా డిఫెండర్ బ్లాన్ కొట్టిన గోల్డెన్ గోల్‌తో (అదనపు సమయంలో పడగానే మ్యాచ్ ముగించే గోల్) ఫ్రాన్స్ బయటపడింది. ఆ ఒక్క బంతి పక్కకు పోయి ఫ్రాన్స్ ఓడి ఉంటే సొంతగడ్డ మీద ప్రపంచకప్ పోగొట్టినవాడిగా జిదాన్ మిగిలేవాడు. అప్పుడు పారిస్ విజయతోరణం మీద అతని ముఖాన్ని దీపాలతో వెలిగించేవాళ్లు కారు. 2006 షూటౌట్‌లో ఫ్రాన్స్ ఆటగాడు త్రెజెగె కొట్టిన పెనాల్టీ క్రాస్‌బార్‌కు తగిలి గీతకు బయటి వైపు పడింది. 7వ నిమిషంలో జిదాన్ కొట్టినదీ బార్‌కే తగిలి లోపలి వైపు పడింది. అంతకు ఆరేళ్ల ముందు ఇదే ఇటలీ మీద గోల్డెన్ గోల్ కొట్టి యూరో కప్ తెచ్చింది ఇదే త్రెజెగె. షూటౌట్ అటు తిరిగి ఇటు తిరిగి ఫ్రాన్స్ వైపు మొగ్గి ఉంటే, జనం ఆ గుద్దును గొప్పవాడి చిలిపి కోపంగా చెప్పుకుని నవ్వేవాళ్లని నా అనుమానం.

మంచిచెడ్డలను ఒకదానిలోంచి ఒకటి తీసివేయకపోతే మనుషుల మధ్య తేడా ఎలా చెబుతావని ఇంకెవరైనా అడగవచ్చు. జట్టును ఎంచేవాడికి మొత్తం లెక్క అవసరమే, నిజం. కోపం వల్ల ఎన్ని మ్యాచ్‌లు పోతాయో, ఆట వల్ల ఎన్ని వస్తాయో అతను కూడి తీసివేసుకోవాలి. దాన్ని కొనుగోలుదారు లెక్క అనుకుందాం. మనిషి గురించి చివరి మాట చెప్పడానికి అది చాలదు, ఎందుకంటే అక్కడ మిగిలే ఒక్క అంకెలో గ్లాస్గో గోలూ కనపడదు, ఫువాద్ అన్వర్ పడ్డ నొప్పీ కనపడదు. తూచే త్రాసు దేవుడి చేతిలో ఉందని నమ్మేవాళ్లు తూకం ఆయనకే వదిలేయాలి. నమ్మనివాళ్లకైతే త్రాసే లేదు. ఇద్దరికీ మిగిలింది విడివిడిగా మెచ్చుకోవడం, విడివిడిగా తప్పుపట్టడం. అలా చూసినప్పుడు 1998లో కింద పడినవాణ్ణి తొక్కడం, రెచ్చగొట్టిన వాణ్ణి 2006లో గుద్దడం కంటే ఎక్కువ తప్పు. మొదటిదాన్ని కప్పు వచ్చిందని క్షమించి, రెండోదాన్ని కప్పు పోయిందని క్షమించనివారి తీర్పు జిదాన్ గురించి కాదు, స్కోరు గురించి.